ఫోను పక్కన పెట్టాక మొదలయ్యే పాఠం

"ఈ పూట నీ మనసులో ఎండా, మబ్బా, వానా?"

2020 జూలైలో ఒక సాయంకాలం మా వెలుగోడు సండే స్కూలు పిల్లలను ఫోనులో ఈ ప్రశ్న అడిగాను. అంతకు ముందు మూడు వారాలుగా "ఎట్లున్నారు పిల్లలూ?" అని అడుగుతూ వచ్చాను. పద్నాలుగు గొంతులూ ఒక్కసారిగా "బాగున్నాము టీచర్" అనేవి. ఎవరూ బాగాలేరని నాకు తెలుసు. బడులు మూతపడి నాలుగు నెలలయింది. సండే స్కూలు లేదు. ఇంట్లో పెద్దలకు సరిగా పనులు లేవు. అయినా ఎవరైనా అడిగితే "బాగున్నాము" అనవలెనని మనమే గదా బిడ్డలకు నేర్పినది! వారు మర్యాదగా అదే చెప్పారు.

ఎండా, మబ్బా అని అడిగేసరికి మాత్రం ఐదో తరగతి పిల్లవాడొకడు కాసేపు ఆగి, "మబ్బు టీచర్" అన్నాడు. ఎందుకు నాయనా అంటే, "మా అవ్వకు దగ్గు వచ్చింది. దగ్గరికి పోవాలంటే భయం. భయమని చెప్తే అమ్మ తిడుతుంది" అన్నాడు.

ఆ బిడ్డకు ఆ పూట కావలసినది లెక్కల పుస్తకంలోనూ లేదు, నేను సిద్ధపరచుకున్న పాఠంలోనూ లేదు. తన భయానికి పేరు పెట్టి చెప్పగలగాలి. చెప్పినందుకు తిట్లు పడకూడదు. అవ్వకు దూరంగా ఉంటూనే ఆమె మీది ప్రేమను చూపే దారి ఒకటి దొరకాలి. ఇవన్నీ నేర్పితే వచ్చేవే. అయితే ఫోనులో నేర్పగలమా? ఏ వయసువారికి ఎట్లా? అప్పటినుండి నేను చేసిన పొరపాట్లు, చదివి తెలుసుకున్న సంగతులు తోటి తల్లిదండ్రులతో, సండే స్కూలు ఉపాధ్యాయులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

చదువుల లోకంలో దీనిని సామాజిక, భావోద్వేగ నైపుణ్యాల శిక్షణ అంటున్నారు. పేరు బరువుగా ఉన్నా సంగతి సులువే. అమెరికాలో 1994లో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ దీనిని ఐదు భాగాలుగా చెప్పింది: తన మనసును తాను ఎరగడం, దానిని అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి మనసును గ్రహించడం, నలుగురితో మెలగడం, ఆలోచించి నిర్ణయించుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఆ దశాబ్దంలోనే పది జీవన నైపుణ్యాలను బడులలో నేర్పాలని చెప్పింది. మనకు ఇది కొత్తదేమీ కాదు. ఆదికాండములో కయీను కథ చూడండి. తమ్ముని మీద చెయ్యి ఎత్తకముందే, ముఖం చిన్నబుచ్చుకొని ఉన్నప్పుడే, నీకు కోపం ఎందుకు వచ్చిందని దేవుడు అతనిని అడిగాడు. కోపానికి పేరు పెట్టి, దాని ఎదుట నిలువమన్నాడు. కయీను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ తరువాత ఏమి జరిగినదో మనకు తెలుసు.

ఇవి నేర్పితే చదువు వెనుకబడుతుందని కొందరు తండ్రులకు అనుమానం. 2011లో ప్రచురింపబడిన ఒక పెద్ద పరిశీలనలో 213 బడి కార్యక్రమాలను, వాటిలో పాల్గొన్న 2 లక్షల 70 వేల మంది పిల్లలను లెక్కలోకి తీసుకున్నారు. ఈ శిక్షణ పొందిన పిల్లలు నడవడిలోనే గాక చదువులోనూ ముందుకు వచ్చారని తేలింది. అయితే ఒక షరతు ఉన్నది. ఊరికే నీతివాక్యాలు వల్లె వేయించినచోట ఫలితం రాలేదు. ఒకదాని తరువాత ఒకటి మెట్లుమెట్లుగా, పిల్లలతో చేయిస్తూ నేర్పినచోట వచ్చింది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు 2019-20లో 'ఆనంద వేదిక' అనే కార్యక్రమం వచ్చింది. రోజూ కొంతసేపు ఊపిరి మీద ధ్యాస నిలపడం, కథ విని మాట్లాడుకోవడం, కలిసి ఒక పని చేయడం, మనసులోని మాటను నలుగురి ముందు చెప్పడం. వయసును బట్టి తరగతులను స్థాయిలుగా విడదీసి పాఠాలు రాశారు. ఆ విభజన చాలా తెలివైనది. ఒకటో తరగతి బిడ్డకు కోపమంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లకు చెప్పినట్లు చెప్పలేము గదా. ఆ పాఠాలు ఇంకా వేరు పట్టకముందే 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు తలుపులు తీశారు. మరుసటి ఏడు రెండో విడత రోగంతో మళ్ళీ మూసి, 2021 ఆగస్టు 16న తెరిచారు. ఈ మధ్యకాలంలో చదువంతా సప్తగిరి టీవీలోను, ఆకాశవాణిలోను, ఫోనులోను సాగింది. లెక్కలు, సైన్సు ఎట్లాగో అందాయి. మనసు పాఠం మాత్రం మొదట జారిపోయింది.

అసలు ఫోను ఎందరి ఇళ్ళలో ఉన్నది? అసర్ నివేదికల ప్రకారం దేశంలోని పల్లెల్లో, ఇంట్లో స్మార్టుఫోను ఉన్న బడిపిల్లలు 2018లో 36.5 శాతం. 2020లో 61.8, 2021లో 67.6 శాతం అయ్యారు. అయితే ఇంట్లో ఉండడం వేరు, బిడ్డ చేతికి రావడం వేరు. మా పద్నాలుగు మందికి కలిపి తొమ్మిది ఫోన్లు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకటే. అది తండ్రితోపాటు పొద్దున్నే పొలానికి పోయి సాయంత్రం గాని తిరిగి రాదు. వచ్చాక తమ్మునికి ఇచ్చి అక్క ఊరుకొంటుంది. ఇంకొక ఇంట్లో మిద్దె ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు. అందుచేత రాత్రి ఏడున్నరకు అరగంట అని పెట్టుకున్నాము.

ఇక నా పొరపాటు చెప్పవలెను. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది.

ఎండ, మబ్బు ప్రశ్న బాగా పనిచేసిందని నాకు ధైర్యం వచ్చింది. తరువాతి వారం, "ఈ వారం మీకు ఎవరి మీద కోపం వచ్చింది? ఎందుకు?" అని అందరినీ అడిగాను. ఒక బిడ్డ తన తండ్రి తాగి వచ్చిన సంగతి చెప్పాడు. ఆ ఫోను స్పీకరులో ఉన్నది. తండ్రి వెనుక మంచం మీదనే ఉన్నాడు. ఫోను కట్ అయింది. ఆ రాత్రి బిడ్డకు దెబ్బలు పడ్డాయని మరునాడు తెలిసింది. నేను వెళ్ళి ఆ తల్లి ముందు తల వంచుకొని నిలబడ్డాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ కలిగించింది.

తరగతి గదికి నాలుగు గోడలు ఉంటాయి. అక్కడ బిడ్డ చెప్పిన మాట టీచరు దగ్గర ఆగుతుంది. ఫోను పాఠానికి గోడలు లేవు. వంటింట్లో అమ్మ, మంచం మీద నాయన, గుమ్మంలో పక్కింటి అక్క, అవతల మిగతా ఇళ్ళవారు, అందరూ వింటారు. కాబట్టి ఫోనులో మనసు పాఠం చెప్పేవారు ఇంటి గుట్టు బయటికి లాగే ప్రశ్న ఎన్నడూ అడగరాదు. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

మరి ఎట్లా అడగాలి? కథలో మనిషి గురించి అడగాలి. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని కథ అందరికీ తెలుసు. మనం ఎప్పుడూ చిన్నవాని గురించే చెప్తాము. నేను పెద్దవానిని పట్టుకున్నాను. పొలం నుండి అలసి వచ్చాడు. ఇంట్లో పాటలు, ఆటలు. లోపలికి పోనని బయటే నిలబడ్డాడు. "అతని మనసులో ఏముంది?" అని అడిగాను. కోపం అన్నారు. "కోపం కింద ఇంకేమైనా ఉందా?" కాసేపు ఎవరూ పలకలేదు. ఒక ఏడో తరగతి పిల్ల, "ఏడుపు ఉంది టీచర్. నేను కనపడలేదా అని" అన్నది. ఇంకొకడు, "వాళ్ళ నాయన బయటికి వచ్చి పిలిచినాడు గదా, మా ఇంట్లో అయితే వచ్చేవాళ్ళు కాదు" అన్నాడు. తన ఇంటి మాటే చెప్పాడు, అయినా కథ వెనుక నిలబడి చెప్పాడు గనుక ఎవరికీ తగలలేదు. పెద్ద కొడుకు చివరికి లోపలికి వెళ్ళాడా లేదా అన్నది ఆ కథలో లేదు. వెళ్ళాడని ఆరుగురు, వెళ్ళలేదని ఐదుగురు వాదించుకున్నారు. ఎనిమిది నుండి పన్నెండేళ్ళ వయసుకు ఇంతకంటె మంచి పాఠం నేను ఇంకొకటి ఎరగను. ఆ వయసుకు న్యాయం, అన్యాయం అంటే ప్రాణం. వాదించనివ్వాలి. ఫోనులో అందరూ ఒకేసారి అరిస్తే ఏమీ వినపడదు గనుక, ఒకరి మాట విని "నువ్వు ఇట్లా అన్నావు" అని తిరిగి చెప్పిన తరువాతే తన మాట చెప్పాలని నియమం పెట్టాము. ఎదుటివాని మాట వినడం వారికి ఆ నియమంవల్లనే అలవాటయింది. తెరవల్ల కలిగిన మేలు ఇదొకటి.

చిన్నబిడ్డల సంగతి వేరు. ఐదేళ్ళ లోపువారికి ఫోనులో పాఠమా అని మీరు అడగవచ్చు. రెండేళ్ళు నిండని బిడ్డలకు తెరే వద్దని, రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 జూలై 14న 'ప్రజ్ఞాత' అనే మార్గదర్శకాలను విడుదల చేసి, బడి ఈడు రాని పిల్లలకు అరగంట మించవద్దన్నది. ఎనిమిదో తరగతి వరకు 30 నుండి 45 నిమిషాల పాఠాలు రోజుకు రెండు, ఆపై తరగతులకు నాలుగు చాలునన్నది. మంచి హద్దులే. అయితే ఆ అరగంటలో ఏమి చేయాలన్నదే ముఖ్యం.

ఇక్కడ ఒక పాదిరిగారి సంగతి చెప్పాలి. అమెరికాలో ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయనను ప్రెస్బిటేరియన్ సంఘం 1963లో గురువుగా అభిషేకించింది. ఆయనకు అప్పగించిన పని టీవీ ద్వారా పిల్లలకు, కుటుంబాలకు సేవ చేయడం. 1968 నుండి 2001 దాకా ఆయన కార్యక్రమం దేశమంతా ప్రసారమయింది. అందులో ఆయన ప్రసంగం చేయలేదు. చెప్పులు మార్చుకొని, తీరుబడిగా కూర్చొని, ఎదుట ఒక్క బిడ్డే ఉన్నట్లు మాట్లాడేవారు. ప్రశ్న అడిగి, ఇంట్లో ఉన్న బిడ్డ జవాబు చెప్పేటంత సేపు మౌనంగా ఉండేవారు. 1968 జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగినప్పుడు దేశమంతా కలవరపడింది. అప్పుడు ఆయన, హత్య అంటే ఏమిటని ఒక పులి బొమ్మచేత అడిగించి, ఆ భయాన్ని గూర్చి ఇంట్లో పెద్దలు పిల్లలతో మాట్లాడాలని బతిమాలారు. మన పిల్లల కార్యక్రమాలలో ఎంత గోల, ఎంత సంగీతం! ఆ మౌనం మనవారు నేర్చుకోవలసినది.

ఆ పులి బొమ్మ పేరు డేనియల్. ఆయన 2003లో చనిపోయిన తరువాత ఆ పులిమీద పిల్లలకు ఒక బొమ్మల ధారావాహిక వచ్చింది. దానిని చూసిన పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకున్నారా అని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంవారు పరిశీలించి 2016లో ప్రకటించారు. రెండు నుండి ఆరేళ్ళ పిల్లలు 127 మంది. ఎదుటివారి బాధ గుర్తించడం, తన భావాన్ని గుర్తించడం వంటివి కొందరిలో పెరిగాయి. ఎవరిలో? చూసినదాన్ని గూర్చి తల్లిదండ్రులు తరచు మాట్లాడే ఇళ్ళ పిల్లలలో మాత్రమే. ఊరికే చూసి లేచిపోయినవారిలో ఆ మేలు కనపడలేదు.

ఇది చదివాక నా పాఠం తీరే మారింది. చిన్నబిడ్డలకు ఫోనులో ఐదు నిమిషాలే చెప్పాను. ఆ చెప్పినది కూడ పక్కన కూర్చున్న తల్లికే ఎక్కువ. "ఫోను పక్కన పెట్టి, అద్దం ముందు బిడ్డతో కూర్చోండి. సంతోషం ముఖం, కోపం ముఖం, భయం ముఖం పెట్టండి. ఏది ఏదో బిడ్డను అడగండి" అని. ఒక తల్లి, "నా కోపం ముఖం చూసి వాడు వెంటనే చెప్పినాడు టీచర్. సంతోషం ముఖం గుర్తు పట్టలేదు" అని నవ్వింది. నవ్విన తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెద్ద పిల్లలతో కష్టం వేరేది. తొమ్మిదో తరగతి దాటినవారు కెమెరా తెరవరు. మనం "ముఖం చూపించు" అని బలవంతం చేస్తాము. ఇంటి గోడ, తెగిన మంచం, వెనుక తిరిగే మనుషులు కనపడతారని వారికి సిగ్గు. ఆ సిగ్గును గౌరవించాలి. కెమెరా మూసి ఉన్నా మనసు మూసి ఉండదు. వారికి అందరిలో చెప్పే అవకాశం కంటె ఒంటరిగా రాసే అవకాశం ఇవ్వాలి. పాఠం అయ్యాక ఒక పావుగంట నా ఫోను తెరిచి ఉంటుంది, ఎవరైనా ఒక మాట రాయవచ్చు అని చెప్పేదానిని. చాలా రోజులు ఎవరూ రాయలేదు. అయినా పావుగంట కూర్చునేదానిని.

2021 జనవరిలో ఒక రాత్రి, తొమ్మిదో తరగతి పిల్ల నుండి ఒక్క వాక్యం వచ్చింది: "టీచర్, మీతో మాట్లాడల్ల, ఫోన్ చేయొద్దు." మరునాడు పని ఉన్నట్లు వాళ్ళ వీధికి వెళ్ళాను. బోరింగు దగ్గర నిలబడి చెప్పింది. ఇంట్లో పెండ్లి చూపులు మొదలుపెట్టారు. పిల్ల "వద్దు" అనలేదు. ఎట్లా అనాలో తెలియక ఊరుకొన్నది. ఊరుకోవడాన్ని పెద్దలు ఒప్పుకోలుగా తీసుకొన్నారు. ఆమెతో కలిసి మూడు మాటలు సిద్ధం చేసుకున్నాము. పెద్దలను గౌరవిస్తూనే వద్దని చెప్పే మాటలు. స్త్రీల మైత్రిలోని ఇద్దరు పెద్దలు తల్లితో విడిగా కూర్చున్నారు. అప్పటికీ కాకపోతే 1098కి ఫోను చేయడానికి కూడ సిద్ధపడ్డాము. చేయవలసిన అవసరం రాలేదు. ఆ పిల్ల 2022లో పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ బలం ఫోను ఇవ్వలేదు. ఒక్క వాక్యం రాసుకోవడానికి మాత్రం దారి ఇచ్చింది. దారి ఉంటే చాలదు, అవతల నడిచి వచ్చే మనిషి ఉండాలి.

ఈ వయసు పిల్లల విషయంలో మనం నిర్లక్ష్యం చేయరాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత ఇరవై మందికి పైగా బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారు. ఓటమిని ఎట్లా మోయాలో వారికి ఎవరు నేర్పారు? బిడ్డ మాటల్లో బతుకు మీద విసుగు కనిపిస్తే వాదించకండి, పక్కన కూర్చోండి. టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న మొదలయింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఈ నంబరును సంఘం గోడ మీద రాసి ఉంచితే తప్పేమీ లేదు.

రోగకాలం పోయింది గదా, ఇప్పుడు ఈ సంగతులెందుకు అంటారేమో. తెర మాత్రం పోలేదు. 2022 డిసెంబరు 21 నుండి మన ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. వి.బి.ఎస్. పాటలు పిల్లలు యూట్యూబులో నేర్చుకొంటున్నారు. హాస్టల్లో ఉన్న కొడుకుతో, హైదరాబాదులో పనికి పోయిన తండ్రితో, గల్ఫ్‌కు వెళ్ళిన తల్లితో మాట్లాడేది తెరమీదనే. ఆ తల్లి రోజూ పది నిమిషాలు బిడ్డతో వీడియోలో మాట్లాడుతుంది. "తిన్నావా? చదివినావా? అవ్వ మాట వింటున్నావా?" మూడు ప్రశ్నలు, మూడు ఊఁలు. అదీ ఒక ఆన్‌లైను పాఠమే, ఎంత విలువైన పాఠమో! నాలుగో ప్రశ్నగా ఎండా మబ్బా అని అడిగి చూడండి. బిడ్డ "వాన" అంటే వెంటనే సలహా చెప్పకండి. "అట్లనా, చెప్పు నాయనా" అనండి, చాలు. మీ మనసులో ఏమున్నదో కూడ ఒక్క మాట చెప్పండి. అమ్మకు కూడ అప్పుడప్పుడు మబ్బు పడుతుందని బిడ్డకు తెలియడంలో నష్టం లేదు.

మొదట చెప్పిన ఐదో తరగతి పిల్లవాని సంగతి మిగిలింది. ఆ వారం నేను వానికి ఒక పని ఇచ్చాను. గుమ్మం బయట, ఆరడుగుల దూరంలో పీట వేసుకొని కూర్చొని, "అవ్వా, నీకు ఎప్పుడైనా బాగా భయమేసిందా?" అని అడిగి రమ్మన్నాను. మళ్ళీ పాఠంనాడు వాడు ఆగకుండా చెప్పాడు. 2009 అక్టోబరులో అవ్వ కర్నూలులో కూతురింట ఉన్నదట. తుంగభద్ర ఊళ్ళోకి వచ్చింది. మిద్దె మీద, వానలో, పసిబిడ్డను చీర కొంగులో చుట్టుకొని కూర్చున్నదట. "ఏం చేసినావు అవ్వా అంటే, భయపడినాను రా, భయపడుతూనే బిడ్డను పట్టుకున్నాను అనింది టీచర్!" అని వాడు రెండుసార్లు చెప్పాడు.

పాఠం అయిపోయి అందరూ ఫోన్లు పెట్టేశాక, వాళ్ళ ఇంటినుండి మళ్ళీ ఫోను మోగింది. అవ్వ. దగ్గు తగ్గిందట.

"టీచరమ్మా, వాడు దినామూ పీటేసుకొని కూర్చుంటున్నాడు. వచ్చే వారం ఏమడగమని చెప్తావో ముందే చెప్పు, నేను గుర్తు చేసుకోవల్ల గదా."